ఎనిమిది నిమిషాల తేడా

ముందుగా ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంత పెద్ద వ్యాసం తెలుగులో రాయడం నాకు ఇదే మొదటిసారి. కొన్ని తప్పులు క్లబ్ సీనియర్లు దిద్దారు. ఇంకా మిగిలితే అవి నావే.

మాది తణుకు. ఉగాదికి ఇంటికి వెళ్ళినప్పుడు మా మామ్మ కొత్త పంచాంగం ముందేసుకుని కూర్చుంది. నా రాశికి ఏలిననాటి శని నడుస్తోందట. బండి జాగ్రత్తగా నడుపు, శనివారం గుడికెళ్ళి నువ్వులనూనె దీపం పెట్టు అని మొదలుపెట్టింది. ఏడున్నరేళ్ళే ఎందుకు, ఎనిమిదేళ్ళు ఎందుకు కాదు అని ఊరికే అడిగాను. ఒక్కో రాశిలో రెండున్నరేళ్ళు ఉంటాడురా, మూడు రాశులకి ఏడున్నర అంది. అందుకే ఆయన్ని శనైశ్చరుడు అంటారు, అంటే మెల్లగా నడిచేవాడు అని కూడా చెప్పింది.

పన్నెండు రాశులకి ముప్ఫై ఏళ్ళు. నిజంగా శని సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి పట్టే కాలం 29.5 ఏళ్ళు. పేరులోనే స్పీడ్ పెట్టేశారు కదా అనిపించి, ఆ రాత్రి ల్యాప్‌టాప్ తీసి గ్రహాల వేగాలన్నీ ఒక పైథాన్ లిస్టులో వేశాను. సెకనుకి కిలోమీటర్లలో బుధుడు 47.4, శుక్రుడు 35.0, భూమి 29.8, కుజుడు 24.1, గురుడు 13.1, శని 9.7.

మొదట నా కళ్ళు భూమి దగ్గర ఆగాయి. కాంతి వేగం సెకనుకి 2,99,792 కిలోమీటర్లు. దాన్ని పదివేలతో భాగిస్తే 29.98. భూమి వేగం 29.78. ఒక శాతం కూడా తేడా లేదు! తర్వాత ఇంటర్‌లో చదివిన బోర్ మోడల్ గుర్తొచ్చింది. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ వేగం మొదటి కక్ష్యలో కాంతి వేగంలో 137వ వంతు, రెండో కక్ష్యలో అందులో సగం, మూడో కక్ష్యలో మూడో వంతు. గ్రహాలు కూడా అలాగే ఉంటే? ఏ సంఖ్యని 1, 2, 3తో భాగించుకుంటూ పోతే ఈ వేగాలు వస్తాయో వెతకమని ఒక లూప్ రాశాను. 144 దగ్గర పడింది. 3తో భాగిస్తే 48, బుధుడు. 4తో 36, శుక్రుడు. 5తో 28.8, భూమి. 6తో 24, కుజుడు. 11తో 13.09, గురుడు. 15తో 9.6, శని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి మా కాలేజీ పేపర్ ప్రెజెంటేషన్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపేశాను. గ్రహాలు, పరమాణువు ఒకే సూత్రం మీద నడుస్తున్నాయని రాశాను. తర్వాత నెట్‌లో చూస్తే ఇదే 144ని ఫ్రాన్స్‌కి చెందిన లోరాన్ నొట్టాల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎప్పుడో పేపర్లలో రాశాడు. ఆయన వెనక పెద్ద గణితమే ఉంది, అయినా ఫిజిక్స్‌లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు. నా వెనక ఉన్నది ఒక లూప్ మాత్రమే.

నా రూమ్మేట్ అబ్‌స్ట్రాక్ట్ చదివి ఒక్క ప్రశ్న అడిగాడు. ఏ గ్రహం వేగం ఎంత వస్తే నీ ఐడియా తప్పని నువ్వు ఒప్పుకుంటావు అని. నా దగ్గర సమాధానం లేదు. వాడి మీద కోపం వచ్చింది కూడా. ఆ కోపంలోనే నాకు సపోర్ట్ దొరుకుతుందేమోనని కెప్లర్ జీవితం చదవడం మొదలుపెట్టాను. గ్రహాల వేగాల్లో సంగీతం విన్నవాడు కదా, నా పార్టీయే అనుకున్నాను. అసలు కథ అది.

యోహానెస్ కెప్లర్ 1571 డిసెంబర్ 27న జర్మనీలోని వైల్ డెర్ ష్టాట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి డబ్బు కోసం యుద్ధాలకి వెళ్ళే కిరాయి సైనికుడు. ఒకసారి వెళ్ళి ఇక తిరిగి రాలేదు. తల్లి కథరీనా పూటకూళ్ళ ఇంటి యజమాని కూతురు, ఆకు పసరు వైద్యం తెలిసిన మనిషి. చిన్నప్పుడు మశూచి వచ్చి కెప్లర్ చూపు దెబ్బతింది, చేతులు సరిగ్గా ఆడేవి కావు. 1577లో ఆకాశంలో పెద్ద తోకచుక్క వచ్చినప్పుడు ఆ తల్లే ఆరేళ్ళు కూడా నిండని పిల్లాణ్ణి ఎత్తు మీదకి తీసుకెళ్ళి చూపించింది. సరిగ్గా చూడలేని పిల్లాడికి ఆకాశం మీద ఆశ పెట్టింది ఆవిడే.

ట్యూబింగెన్ యూనివర్సిటీలో పాస్టర్ కావాలని చేరాడు. అక్కడ మెస్ట్లిన్ అనే మాస్టారు కోపర్నికస్ సిద్ధాంతం నేర్పాడు, అంటే భూమి కూడా ఒక గ్రహమే, మధ్యలో ఉన్నది సూర్యుడు అని. చదువు పూర్తికాకుండానే 1594లో గ్రాజ్ అనే ఊళ్ళో లెక్కల మాస్టారుగా పంపేశారు. అక్కడ ఆయన డ్యూటీల్లో ఒకటి ఏటా పంచాంగం రాయడం. వాతావరణం, పంటలు, యుద్ధాలు అన్నీ అందులో చెప్పాలి. మొదటి ఏడాదే విపరీతమైన చలి, టర్కీ సేనల దాడి ఉంటాయని రాస్తే రెండూ జరిగాయి, మంచి పేరు వచ్చింది. మా మామ్మకి ఈ ముక్క బాగా నచ్చింది.

1595 జూలైలో ఒకరోజు క్లాసులో బోర్డు మీద గురు, శని గ్రహాలు ఎక్కడెక్కడ కలుసుకుంటాయో గీస్తుండగా ఆయనకి ఒక ఆలోచన తట్టింది. అప్పటికి తెలిసిన గ్రహాలు ఆరు. వాటి మధ్య ఖాళీలు ఐదు. అన్ని ముఖాలూ ఒకేలా ఉండే ఘనాకారాలు జ్యామితిలో ఐదే ఉంటాయి. లూడో పాచికలాంటి ఆరు ముఖాలది, ఇంకా 4, 8, 12, 20 ముఖాలవి. ఒక్కో ఖాళీలో ఒక్కో ఆకారం పెడితే గ్రహాల దూరాలు దాదాపు సరిపోయాయి! దేవుడి బ్లూప్రింట్ దొరికిందనుకున్నాడు. అప్పుడు ఆయన వయసు 23. మరుసటి ఏడాది ఆ ఐడియాతో పుస్తకం వేశాడు.

ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు నవ్వుకున్నాను. 144 దొరికిన రాత్రి నాది కూడా అదే ముఖం.

కానీ అదే పుస్తకంలో ఇంకో ప్రశ్న ఉంది. దూరంగా ఉన్న గ్రహాలు ఎందుకు మెల్లగా నడుస్తాయి? మన ఆర్యభటుడు, సూర్యసిద్ధాంతం రాసినవాళ్ళు గ్రహాలన్నీ ఒకే వేగంతో, రోజుకి సమానమైన యోజనాలు నడుస్తాయనుకున్నారు. ఆ లెక్కలో శని పాపం మెల్లగా నడవడు, ఆయన దారి పొడవు, అంతే. కోపర్నికస్ దూరాలు చేతిలో ఉన్న కెప్లర్‌కి అలా కుదరదని తెలిసింది. గురుడికంటే శని దారి రెండింతలు కూడా లేదు, పట్టే కాలం మాత్రం రెండున్నర రెట్లు. అంటే దారీ పెద్దదే, నడకా మెల్లనే. సూర్యుడి నుంచి ఏదో వచ్చి గ్రహాల్ని నడిపిస్తూ ఉండాలి, దూరం వెళ్ళేకొద్దీ అది బలహీనపడుతూ ఉండాలి అనుకున్నాడు. అప్పట్లో దాన్ని ఆత్మ అన్నాడు.

ఈ ఊహలు తేల్చుకోవాలంటే మంచి కొలతలు కావాలి. అవి యూరప్‌లో ఒక్కడి దగ్గరే ఉన్నాయి, టైకో బ్రాహీ. టెలిస్కోప్ ఇంకా రాని రోజుల్లో ఆయన పెద్ద పెద్ద పరికరాలతో గ్రహాల స్థానాల్ని ఒకటి రెండు నిమిషాల తేడాలోపు కొలిచాడు. ఇవి గడియారం నిమిషాలు కావు, కోణంలో నిమిషాలు. ఒక డిగ్రీకి 60. పున్నమి చంద్రుడి వెడల్పు సుమారు 30. మతం గొడవల్లో గ్రాజ్ వదలాల్సి వచ్చి 1600లో కెప్లర్ ప్రాగ్ దగ్గర టైకో పక్కన చేరాడు. 1601 అక్టోబర్‌లో టైకో చనిపోయాడు. చక్రవర్తి రుడాల్ఫ్ ఆస్థాన గణితవేత్త పదవి కెప్లర్‌కి వచ్చింది. పదవి పెద్దది, జీతం మాత్రం ఎప్పుడూ బాకీయే.

అక్కడ పట్టుకున్నది కుజుణ్ణి. గ్రహం వృత్తంలో తిరుగుతుందని రెండు వేల ఏళ్ళుగా అందరి నమ్మకం, ఆయనది కూడా. వృత్తం ఎక్కడ పెట్టాలి, కేంద్రం నుంచి సూర్యుడు ఎంత పక్కకి ఉండాలి అని కనీసం 70 సార్లు మొత్తం లెక్క మళ్ళీ మళ్ళీ వేశాడు. కాలిక్యులేటర్ లేదు, లాగరిథమ్స్ ఇంకా ఎవరూ ప్రచురించలేదు. ఏళ్ళు గడిచాక ఒక మోడల్ దాదాపు అంతటా సరిపోయింది. రెండు చోట్ల మాత్రం 8 నిమిషాలు తేడా. చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు.

నేనైతే దాన్ని రౌండాఫ్ చేసేవాణ్ణి. నా శుక్రుడు 35కి బదులు 36 వచ్చినా పర్లేదనుకున్నాను కదా. ఆయన అలా అనుకోలేదు. టైకో కొలతల్లో అంత తప్పు ఉండదు, కాబట్టి తప్పు వృత్తానిదే అన్నాడు. అప్పటిదాకా చేసిన పనిని పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. 1605కి దారి తేలింది. అది ఎలిప్స్, అంటే దీర్ఘవృత్తం, ఒక నాభిలో సూర్యుడు. సూర్యుడికి దగ్గరైనప్పుడు గ్రహం వేగంగా, దూరమైనప్పుడు మెల్లగా నడుస్తుంది, కానీ సూర్యుణ్ణి కలిపే గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యం తుడుస్తుంది. 1609లో ఈ రెండు నియమాలూ అచ్చయ్యాయి. వృత్తం ఆయనకి అందంగా ఉండేది. ఎలిప్స్‌ని ఆయన కోరుకోలేదు, 8 నిమిషాలు ఆయన చేత రాయించాయి.

తర్వాతి పేజీలు చదవడం కష్టమైంది. 1611లో ఆరేళ్ళ కొడుకు మశూచితో పోయాడు. అదే ఏడాది భార్య బార్బరా పోయింది. మర్నాటి ఏడాది చక్రవర్తి పోయాడు. కెప్లర్ లింజ్ అనే ఊరికి మారి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. 1615లో ఇంటి నుంచి వార్త వచ్చింది, తల్లి మీద మంత్రగత్తె అన్న ఆరోపణ. లేయోన్‌బెర్గ్‌లో ఒక పొరుగావిడ, కథరీనా ఇచ్చిన చేదు పానీయం తాగాకే తనకి జబ్బు వచ్చిందని చెప్పింది. ఒకరు చెప్పగానే మిగతా ఊరికీ అన్నీ గుర్తొచ్చాయి. ఆవిడ దాటి వెళ్ళాక మా ఆవు చచ్చిపోయింది, ఆవిడ తాకాక మా పిల్ల చెయ్యి నొప్పెట్టింది అని. ఆ రోజుల్లో ఆ ఆరోపణకి శిక్ష మరణమే.

1617లో తల్లి పని మీద వెళ్తూ దారిలో కెప్లర్ చదువుకున్న పుస్తకం సంగీతం మీద. రాసినవాడు గెలీలియో తండ్రి విన్సెంజో. 1618 ఫిబ్రవరిలో పసి కూతురు కథరీనా పోయింది. నాయనమ్మ పేరే పెట్టుకున్న పిల్ల. ఆ దుఃఖంలో పట్టికల లెక్కలు చెయ్యలేక, ఏళ్ళ క్రితం మొదలుపెట్టిన సంగీతం, జ్యామితి, గ్రహాల పుస్తకం మళ్ళీ తీశాడు.

అందులోదే గ్రహాల పాట. సూర్యుడి మీద నిలబడి చూస్తే ఒక్కో గ్రహం రోజుకి ఎంత కోణం నడుస్తుందో లెక్కేశాడు. శని దూరంగా ఉన్నప్పుడు 106 సెకన్లు, దగ్గరకొచ్చినప్పుడు 135. నిష్పత్తి దాదాపు 4కి 5. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి తెలుస్తుంది, షడ్జమానికి అంతర గాంధారం అది. గురుడిది 5కి 6, సాధారణ గాంధారం. కుజుడిది 2కి 3, పంచమం. భూమిది 15కి 16, అంటే శుద్ధ రిషభం, స నుంచి పక్క మెట్టుకి మాత్రమే వెళ్ళి వచ్చేస్తుంది. చెవికి వినపడే పాట అని ఆయన అనలేదు, బుద్ధికి తెలిసే పాట అన్నాడు.

ఆ పుస్తకం పనిలో ఉండగానే, 1618 మార్చి 8న ఒక సంబంధం మనసులోకి వచ్చింది. లెక్క తప్పి పక్కన పడేశాడు. మే 15న మళ్ళీ వేస్తే సరిపోయింది. గ్రహం తిరిగే కాలం వర్గం, దూరం ఘనం, ఈ రెండిటి నిష్పత్తి అన్ని గ్రహాలకీ ఒకటే. గురుడికి 11.86 ఏళ్ళు, వర్గం చేస్తే 140.7. దూరం భూమికి 5.2 రెట్లు, ఘనం చేస్తే 140.6. ఇది మూడో నియమం. దీన్నే వేగాల్లో చెప్పుకుంటే, వేగం వర్గాన్ని దూరంతో గుణిస్తే అందరికీ ఒకే సంఖ్య రావాలి. భూమికి 29.78 వర్గం, 887. గురుడికి 13.06 వర్గం గుణించు 5.2, మళ్ళీ 887. వారం తర్వాత, మే 23న, ప్రాగ్‌లో అధికారుల్ని కిటికీలోంచి తోసేయడంతో ముప్ఫై ఏళ్ళ యుద్ధం రాజుకుంది. మే 27న ఆయన పుస్తకం ముగించాడు.

1620 ఆగస్టులో తల్లిని అరెస్టు చేశారు. డెబ్భై దాటిన ముసలావిడకి గొలుసులు వేశారు. కెప్లర్ లింజ్‌లో పని ఆపేసి వెళ్ళి ఆవిడ తరఫున వాదన రాయించాడు. అరవలేదు, ఏడవలేదు. ఒక్కో సాక్ష్యం తీసుకుని, ఈ జబ్బుకి మామూలు కారణం ఇది, ఈ సాక్షి మాట ముందొకలా తర్వాతొకలా ఉంది అని విడదీసుకుంటూ పోయాడు. ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. చివర్లో చిత్రహింస పరికరాలు చూపించి బెదిరించినా ఆవిడ చెయ్యని తప్పు ఒప్పుకోలేదు. 14 నెలల తర్వాత, 1621 అక్టోబర్‌లో వదిలేశారు. ఆరు నెలలకే చనిపోయింది.

అదే 1621లో ఆయన పాతికేళ్ళ కిందటి మొదటి పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేశాడు. పాత వాక్యాలు మార్చలేదు, కింద నోట్స్ రాశాడు. అప్పుడు ఇక్కడ పొరబడ్డాను, అక్కడ పొరబడ్డాను అని తనని తనే దిద్దుకున్నాడు. సూర్యుడి నుంచి వచ్చేది ఆత్మ అన్న చోట, అది ఆత్మ కాదు బలం అనుకోవాలని రాశాడు. ఫిజిక్స్‌కి ఆ ఒక్క మాట మార్పు ఎంత పెద్దదో మనకి తెలుసు. అయితే ఒకటి, ఆ ఐదు ఆకారాల్ని మాత్రం ఆయన ఎప్పటికీ పూర్తిగా వదల్లేకపోయాడు. తల్లి కేసులో కాకతాళీయాన్ని అంత చక్కగా పట్టుకున్నవాడికి సొంత మొదటి ప్రేమలో అది కనపడలేదు. ఇది చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు. భయం వేసింది, అంతే.

1627లో టైకో కొలతలతో గ్రహాల పట్టికలు పూర్తిచేశాడు. రావాల్సిన బాకీల కోసం తిరుగుతూ రేగెన్స్‌బుర్గ్ వెళ్ళి జ్వరపడి 1630 నవంబర్ 15న చనిపోయాడు. వయసు 58. యుద్ధంలో ఆ సమాధి కూడా చెరిగిపోయింది. కానీ సూర్యుడి ముందు నుంచి బుధుడు దాటే రోజు ఫలానా అని ఆయన ముందే అచ్చు వేసి ఉన్నాడు. 1631 నవంబర్ 7న పారిస్‌లో గసెండీ చూస్తే చిన్న నల్ల చుక్క సూర్యబింబం మీద కదిలింది. తప్పయితే అందరికీ తెలిసిపోయే మాట చెప్పి వెళ్ళాడు. అది నిజమైంది.

1687లో న్యూటన్ ఆ మూడు నియమాల వెనక ఉన్న ఆకర్షణ బలాన్ని చూపించాడు. 1781లో యురేనస్ కనపడగానే ఏడు గ్రహాలయ్యాయి, ఐదు ఆకారాల కథ అక్కడితో సరి. ఎలిప్స్ మాత్రం ఇంకా ముందుకెళ్ళింది. 1916లో సోమర్‌ఫెల్డ్ బోర్ పరమాణువులో వృత్తాలకి తోడు కెప్లర్ ఎలిప్స్‌లు పెట్టి, ఐన్‌స్టీన్ రిలేటివిటీ కలిపి లెక్కేశాడు. అప్పుడే ఆ 137వ వంతు, ఫైన్ స్ట్రక్చర్ కాన్‌స్టెంట్‌గా ఫిజిక్స్‌లోకి వచ్చింది.

నేను వెతికింది ఇదే కదా, గ్రహాల నడకకీ పరమాణువుకీ సంబంధం! అది నిజంగానే ఉంది. కానీ సంఖ్యల్లో లేదు, నియమంలో ఉంది. రెండు చోట్లా దూరం వర్గంతో తగ్గే బలమే, అందుకే వేగం వర్గం గుణించు దూరం రెండు చోట్లా మారదు.

తర్వాత నా 144ని నేనే కోర్టులో నిలబెట్టాను. నెప్ట్యూన్ వేగం 5.4. 144ని 26తో భాగిస్తే 5.5, 27తో 5.3. ఏదో ఒకటి సరిపోతుంది. సంఖ్య పెరిగేకొద్దీ మెట్లు ఎంత దగ్గరవుతాయంటే, ఏ వేగం ఇచ్చినా ఏదో మెట్టు మీద పడుతుంది. నచ్చిన 144, నచ్చిన మెట్టు నేనే ఎంచుకున్నాను. మెషీన్ లెర్నింగ్ ల్యాబ్‌లో ఓవర్‌ఫిట్టింగ్ అని రికార్డులో రాసింది ఇదే. ఇక కాంతి వేగంలో పదివేలో వంతు? పదివేలు మన పది వేళ్ళ లెక్క. ఎనిమిది వేళ్ళుంటే నాకది కనపడేదే కాదు. గ్రహాల పాట కూడా అంతే, పన్నెండు స్వరస్థానాలు పక్కపక్కన పెట్టుకుంటే ఏ నిష్పత్తి అయినా దేనికో ఒకదానికి దగ్గరగానే ఉంటుంది.

అబ్‌స్ట్రాక్ట్ వెనక్కి తీసుకున్నాను. సిగ్గుగానే అనిపించింది. రూమ్మేట్‌కి సారీ చెప్పి సమోసా తినిపించాను. కానీ లూప్ రాసినందుకు బాధ లేదు. 23 ఏళ్ళ కెప్లర్ ఆ తప్పు పుస్తకం రాయకపోతే టైకో దగ్గరికి వెళ్ళేవాడే కాదేమో. పిచ్చి ఐడియా రావడం తప్పు కాదు. అది ఎక్కడ ఓడిపోవచ్చో ముందే చెప్పకపోవడమే తప్పు. ఇప్పుడు నా నోట్‌బుక్ మొదటి పేజీలో రూమ్మేట్ ప్రశ్న రాసి ఉంటుంది.

మొన్న ఫోన్‌లో మామ్మకి చెప్పాను, నీ శనైశ్చరుడు స నుంచి అంతర గాంధారం దాకా పాడతాడట అని. నిజంగానా అని అడిగింది. నిష్పత్తి దాదాపు నిజం, పాట ఒకాయన కల అన్నాను. కాసేపు ఊరుకుని, కల కన్నవాడి అమ్మ బయటపడిందా లేదా అది చెప్పు అంది. బయటపడింది మామ్మా అన్నాను.